మిస్డ్ కాల్

విడవలూరు బస్టాండు పక్కన మాది నెట్ సెంటరు.
అడంగలు కాపీలు, హాల్ టికెట్లు, పాస్‌పోర్టు ఫోటోలు,
కరెంటు పోతే విసనకర్ర.
ఆ మధ్యాహ్నం చెంబేటి పోలయ్య
యూరియా సంచిలోంచి ఒకదాన్ని తీసి పెట్టాడు.
తెల్ల క్యాను, దాని కింద రేకు చక్రం,
క్యాను పొట్టలో అద్దం పగిలిన కీప్యాడ్ ఫోను.
కౌంటరంతా బురద.
"ఏంది మామా ఇది?"
"నా బదులు మేలుకోనుండేది."

పోలయ్య రొయ్యల గుంటలకి కాపలా.
పదహారేళ్లుగా రాత్రుళ్లు ఆయనవి కావు.
ఏరియేటర్ ఆగితే నీళ్లు నిలబడతాయి,
నీళ్లు నిలబడితే రొయ్య ఊపిరాడక తేలుతుంది,
రొయ్య తేలితే
తెల్లారేసరికి ఒక సంసారం తేలుతుంది.
ఆయన చదివిన సైన్సు ఇంతే.
నీళ్లు కదిలినంతసేపూ చక్రం తిరుగుతుంది.
చక్రం ఆగిందా,
క్యానులో ఫోను ఆసామికి మిస్డ్ కాల్ ఇస్తుంది.
"రూపాయి ఖర్చుండదు పాపా,
ఎత్తేలోపే కట్ చేస్తుంది!"

బ్యాంకులో అడిగారంట, పొలముందా అని.
దశరథరామిరెడ్డి అడిగాడంట,
అదే మేలుకుంటే ఇంక నువ్వెందుకురా అని.
ఇరవై చేయాలంటే ముప్పై ఎనిమిది వేలు.

నా ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీశాను.
ముఖం వద్దన్నాడు, చేతులు చాలన్నాడు,
చేతులకి సిగ్గుండదంట.
ఊరూ పేరూ తెలీని జనం
తలా కొంత వేసే చోట పెట్టాం.
ఆరు రోజులు సున్నా.
సున్నా ఎంత గుండ్రంగా ఉంటుందో
అప్పుడే సరిగా చూశాను.
ఏడో రోజు వంద పడింది, పేరు లేకుండా.
తర్వాత పది. ఇంకో పది. యాభై.
తిరుపూరులో రాత్రి షిఫ్టు కుట్టే అబ్బాయి
ముప్పై వేసి రాశాడు:
"రొయ్యలు తినను. నిద్రాపుకోవడం తెలుసు."

ఇంక అంతా మంచే జరిగిందనుకుంటారేమో.
మొదటి ఎనిమిదీ పదకొండో రోజుకే తుప్పు.
చక్రం తిరుగుతున్నా రాత్రంతా మిస్డ్ కాల్సే.
నిద్ర చెడిన ఆసాములు
మా నాన్ననీ పోలయ్య నాన్ననీ కలిపి తలుచుకున్నారు.

"డబ్బులేసినోళ్లకి ఏమని రాయాలి మామా?"
"పాడైందని రాయి. ఉప్పు మింగిందని రాయి.
దాచిపెడితే నీళ్లు కంపు కొడతాయి."

ఒకాయన ఐదొందలు వెనక్కడిగాడు. ఇచ్చేశాం.
మిగిలినవాళ్లు తిట్టలేదు,
ఎక్కడ తుప్పు పట్టిందో ఫోటో పెట్టమన్నారు.
గూడూరులో గడియారాలు బాగుచేసే ఖాజా మొహిద్దీన్
ఆర్టీసీ పార్సిల్లో వక్కపొడి డబ్బా పంపాడు:
లోపల ఇరవై సన్నని గాజు గొట్టాలు, ఇరవై అయస్కాంతాలు.
తీగలు గాజులోనే ఉంటాయి, ఉప్పు ముట్టుకోలేదు.
ఆయన వేసిన డబ్బు ఇరవై ఐదు రూపాయలు.
ఆ డబ్బాకి వెల కట్టమంటే
నా దగ్గరున్న క్యాలిక్యులేటర్ చాలదు.

కార్తీకంలో ఒక రాత్రి, రెండూ నలభైకి,
దశరథరామిరెడ్డి దిండు కింద ఒక్కసారి మోగి ఆగింది.
చెప్పుల్లేకుండా జనరేటర్ దాకా పరిగెత్తాడంట.
మర్నాడు ఒక్క మాటా అనలేదు,
బకెట్టు రొయ్యలు పంపించాడు.
ఆ రాత్రంతా షెడ్డులో గోనెపట్టా మీద
పోలయ్య నిద్రపోతానే ఉన్నాడు.
ఇప్పుడాయన కాపలా కాదు, మరమ్మతు.
జీతం మాత్రం ఇంకా పాతదే.

మొన్న వచ్చి జాబితా చదవమన్నాడు.
మూడొందల పన్నెండు పేర్లు.
చెక్ ట్రేలో రొయ్య లెక్కపెట్టినట్టు
ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడిచాడు.
"మొట్టమొదట వంద వేసిందెవరు?"
"పేరు లేదు మామా."
నవ్వాడు.
"పదహారేళ్లు గట్టు మీద కూచున్నోణ్ణి,
మొదటి బుడగ ఏ మూల లేచిందో
నాకు తెలీదా పాపా?"

నేను ప్రింటర్లో కాగితాలు సర్దుకుంటుంటే
రెండో సంచి మూతి విప్పాడు.
కౌంటరంతా మళ్లీ బురద.